మోటారు మూల గడ్డి

మా ఊళ్ళో ఏ పైరు ఎవరిదో అందరికీ తెలుసు. దానికి ఎరువు చల్లినవాడెవడో ఎవరికీ పట్టదు. రుల్దూ సింగ్ విషయంలో మాత్రం అలా కాదు. వాడు చల్లిన చేలో చారలుండవు.

యూరియా చల్లడం కూడా ఒక పనేనా అనుకునేవాళ్ళు ఒక్కసారి దిగి చూడాలి. దుప్పటి మెడకు జోలెలా కట్టి, అందులో ఎరువు పోసుకుని, తడి ఆరని చేలో ఒకే అడుగున నడవాలి. అడుగుకొక పిడికిలి. చెయ్యి ఒకే ఎత్తున తిరగాలి, వేళ్ళు ఒకేలా విచ్చుకోవాలి. తప్పు చేస్తే ఆ రోజు ఎవరికీ కనబడదు. కొన్నాళ్ళకు గోధుమ పైరే బయటపెడుతుంది. ఎక్కువ పడినచోట ముదురుపచ్చ చార, తక్కువ పడినచోట పసుపు చార. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి, "ఎవడ్రా చల్లింది, తాగి చల్లాడా?" అని నవ్వుతారు. రుల్దూ చల్లిన చేలో అలా నవ్వడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

నాకు ఊరి మొదట్లో పిండిమర ఉంది. రుల్దూ ఇల్లు దానికి ఎదురుగానే. నాది నోటి దురుసని పేరు, అది అబద్ధమేమీ కాదు. రుల్దూ దానికి పూర్తిగా తిరగేసిన మనిషి. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే తల్లి వాణ్ణి దుమ్ములో దొర్లించి, దొర్లినవాడు అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టింది. వాడు కూడా ఆ పేరుకు తగ్గట్టే తల ఎత్తకుండా బతికాడు. భూములున్న సర్దార్లు ఏమన్నా ఊఁ కొట్టడమే. "మా ఆయన మాటలు కూడా ఎరువులో కలిపి చల్లేసి వస్తాడు, ఇంటికి ఒక్కటి మిగల్చడు," అని వాడి పెళ్ళాం గేజో నా మర దగ్గర కూర్చుని అందర్నీ నవ్వించేది.

గేజోకి ప్రాణమంతా బూరీ మీద. బూరీ అంటే వాళ్ళ గేదె. రుల్దూ పనిచేసే సర్దారు నఛత్తర్ సింగ్ ఇంట్లో తల్లి చచ్చిన దూడ, ఇక దక్కదని వాళ్ళు వదిలేస్తే గేజో సీసాతో పాలు పట్టి, రాత్రి తన దుప్పటి కప్పి బతికించింది. ఇప్పుడది రెండో ఈత పాడి. ఎరువు చల్లే పని చలికాలంలో నాలుగు వారాలుంటుంది, తర్వాత ఉండదు. మిగతా ఏడాదంతా ఆ ఇంటి పొయ్యి బూరీ పాలతోనే వెలిగేది. బూరీ లేకపోతే ఆ ఇల్లు లేదు, ఇందులో దాపరికమేమీ లేదు.

భూమి లేనివాళ్ళ గొడ్లకు మేత ఎక్కడిది? మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ చేలో పని చేస్తే ఆ చేను గట్టు గడ్డి, కాలవ పక్క కలుపు ఆ ఇంటి ఆడవాళ్ళవి. రుల్దూ పనిచేసేది నఛత్తర్ సింగ్ చేలో గనక, అక్కడ నీళ్ళ మోటారు కొట్టం పక్క మూల గేజోది. చలికాలంలో అక్కడ గోధుమ లాగే ఉండే కలుపు దట్టంగా లేస్తుంది. రోజూ ఒక మోపు కోసి, పొడి పొట్టులో కలిపి బూరీకి పెట్టేది.

రుల్దూ చేసిన పని ఏమిటంటే, చల్లేటప్పుడు ప్రతి బస్తాలోంచీ నాలుగు పిడికిళ్ళు మిగిల్చి, ఆ మూలకు రాగానే అక్కడ విసిరేసేవాడు. యూరియా కోసం సొసైటీ ముందు మనుషులు తెల్లారకముందే వరసలో చెప్పులు పెట్టి కూర్చునే రోజులవి. అందులోంచి నాలుగు పిడికిళ్ళు తన గేదె గడ్డికి. చూసినవాళ్ళు లేరు. తర్వాత వాడే చెప్పాడు గనక నేను చెబుతున్నాను. జీవితమంతా ఊరి పొలాలకు సమంగా పంచిన చెయ్యి తన ఇంటి వైపు కొంచెం ఒరిగింది, అంతే. నేనైతే బస్తాయే మోసుకెళ్ళేవాణ్ణి.

ఆ ఏడాది నఛత్తర్ సింగ్‌కి ఒక బుద్ధి పుట్టింది. మట్టి పరీక్ష చేయించాడు. అక్కడివాళ్ళు చెప్పారట, "మీ నేలలో భాస్వరం మూలుగుతోంది, పొటాష్ లేదు. యూరియా తగ్గించండి, తగ్గించింది కూడా రెండు తడులకు పంచి వెయ్యండి," అని. నఛత్తర్ చెడ్డవాడు కాదు. చెప్పినట్టే వేయించాడు. డబ్బాలో పిండిలా కొలిచి మరీ ఇచ్చాడు రుల్దూకి.

పుష్యమాసం వచ్చేసరికి పక్క చేలు పచ్చదనం ముదిరి నల్లగా ఉన్నాయి, నఛత్తర్ చేను లేతగా ఉంది. మా మర దగ్గర ఒకటే ఎగతాళి. "ఏం సర్దార్, పైరుకి కామెర్లా? పథ్యం పెట్టావా?" అని ఒకడు. "మట్టి పరీక్ష చేశారు గదా, ఇక రక్త పరీక్ష కూడా చేయించు," అని ఇంకొకడు. నఛత్తర్ నవ్వాడు గాని ఆ నవ్వు మీసం దాటలేదు. లేతగా ఉన్నంత మాత్రాన పైరుకి ఆకలని కాదు, చలికీ మంచుకీ కూడా అలాగే ఉంటుంది. ఆ మాట ఎగతాళి పడేవాడికి ఎక్కదు.

అప్పుడే అతనికి మోటారు మూల కంట పడింది.

"రుల్దూ, ఇటు రా," అన్నాడు. "ఈ మూల చూశావా? ఇంత నల్లగా ఎట్లా ఉంది?"

రుల్దూ చూశాడు. కలుపు మోకాలెత్తు లేచింది. దాని పక్కనున్న గోధుమ సాళ్ళు కూడా ముదురుపచ్చగా, నూనె రాసినట్టు ఉన్నాయి.

"కాలవ నీళ్ళు దిగుతాయి గదా సర్దార్జీ," అన్నాడు.

"నీళ్ళు కాదురా, బలం. నా నేల తాగగలదని ఈ మూలే చెబుతోంది. పరీక్షలోళ్ళకేం తెలుసు, వాళ్ళు మట్టిని గాజు గొట్టంలో చూస్తారు. నేను చేలో చూస్తున్నా." నఛత్తర్ ఆ గోధుమ ఆకు తెంపి వేళ్ళతో నలిపాడు. "చేనంతా ఇట్లా రావాలి. రేపు ఇంకో దఫా చల్లు."

రుల్దూ నోట్లో మాట వచ్చే ఉంటుంది. తను తీసిన నాలుగేసి పిడికిళ్ళ వల్ల చేను ఇంకాస్త లేతబడింది, మూల నల్లబడింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి సర్దారు కొలత కడుతున్నాడు. అది చెప్పాలంటే దొంగతనం చెప్పాలి. వాడు ఊఁ అన్నాడు, మర్నాడు మళ్ళీ చల్లాడు. అలవాటు చొప్పున మూలకూ విసిరాడు. ఆ పైరు తర్వాత బలం ఎక్కువై, ఫాల్గుణంలో ఒక్క గాలివానకు నేల మీద పడుకుంది. కానీ దానికి ముందే జరగాల్సింది జరిగిపోయింది.

చల్లిన తర్వాత పొగమంచు దిగింది. మాకు మంచు కొత్త కాదు గాని ఆ ఏటి మంచు వేరు. రోజుల తరబడి సూర్యుడు కనబడలేదు. మధ్యాహ్నం కూడా దీపాలు పెట్టుకుని ట్రాక్టర్లు నడిచాయి. నా మర బెల్టు తడికి జారిపోయేది. పక్షులు అరవడం మానేశాయి. చేలన్నీ చలికి ముడుచుకుని కదలకుండా ఉంటే, ఆ మూల గడ్డి మాత్రం పెరుగుతూనే ఉంది. ఒకసారి ఆ దారిన వస్తూ చూశాను. ఎందుకో నాకు బాగా అనిపించలేదు. పచ్చదనం చూస్తే కడుపు నిండాలి గదా, ఆ పచ్చ చూస్తే వెనక్కి పోవాలనిపించింది. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఆ రోజు పొద్దున గేజో రెండు మోపులు కోసుకొచ్చింది. నా ముందే దించింది.

"చూడు భాయీ, ఇంత చలిలో ఇంత గడ్డి. అంతా బూరీ రాత," అంది మొహమంతా వెలిగిపోతూ.

"పొట్టు కలిపి పెట్టు, ఉత్త పచ్చి పెడితే కడుపు ఉబ్బుతుంది," అన్నాను ఊరికే.

"ఇన్నాళ్ళూ పొట్టు తినీ తినీ దానికి నోరు చచ్చిపోయింది. ఈ ఒక్క రోజు కడుపునిండా పచ్చిదే పెడతా."

ఒక మోపు విప్పి బూరీ ముందు వేసింది. రెండోది మా సందు చివరి బచన్ కౌర్‌కి ఇచ్చింది. ఆమె ముసలిది, విధవ, అందరికీ తాయీ, అంటే పెద్దమ్మ. ఒక్క ఆవుతో కాలక్షేపం చేస్తోంది. ఆవిడ మజ్జిగ ఇచ్చినందుకు బదులు గడ్డి.

మధ్యాహ్నానికి గేజో అరుపు వినబడి పరిగెత్తాను. బూరీ నిలబడే ఉంది గాని కాళ్ళు వణుకుతున్నాయి. నోరు తెరిచి, ఎంత దూరం పరిగెత్తి వచ్చిందో అన్నట్టు రొప్పుతోంది. నాలుక ముదురు గోధుమ రంగుకు మారింది. రుల్దూ దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు. నఛత్తర్ సింగ్‌కి కబురు తెలిసి, ఆ మంచులో మోటారుసైకిల్ మీద పక్క ఊరి నుంచి పశువుల డాక్టర్ కపిల్‌ని తానే ఎక్కించుకొచ్చాడు. తన ఇంటి దూడ అన్న అభిమానం అతనికీ ఉంది.

కపిల్ కుర్రాడు. కనురెప్ప తిప్పి చూశాడు, చిగుళ్ళు చూశాడు. మొహం మారింది.

"ఏం మేసింది?"

"గడ్డి, డాక్టర్ సాబ్. పొద్దున కోసిందే," అంది గేజో.

"యూరియా బాగా పడిన చోట కోశారా? సరిగ్గా చెప్పండి."

నఛత్తర్ అడ్డొచ్చాడు. "లేదు సాబ్, అది మా మోటారు మూల గట్టు గడ్డి. చేనుకే వరసలో నిలబడి తెచ్చుకుంటున్నాం యూరియా, గట్టుకెవడు వేస్తాడు?"

కపిల్ రుల్దూ వైపు చూశాడు. "నువ్వు చెప్పు. ఆ గడ్డికి ఎరువు పడిందా?"

అందరం రుల్దూ వైపే చూస్తున్నాం. వాడు బూరీ మెడ మీద చెయ్యి తీయలేదు. నఛత్తర్ వైపు ఒకసారి చూశాడు.

"లేదు సాబ్," అన్నాడు.

ఆ మాట మీద డాక్టరు చలి పట్టిందనీ కడుపు ఉబ్బరమనీ అనుకుని దానికి మందిచ్చాడు. మందు పడిన కాసేపటికే బూరీ ముందు కాళ్ళు మడిచింది. పడిపోయింది. గేజో దాని తల ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు సీసా పట్టినట్టు నోటి దగ్గర చెయ్యి పెట్టి పిలిచింది. అది రెండుసార్లు కాళ్ళు తన్నుకుని ఆగిపోయింది. నేను చాలా చావులు చూశాను, ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

డాక్టర్ని నఛత్తర్ నా మర దగ్గర కూర్చోబెట్టి టీ తెప్పించాడు. రుల్దూ ఎదురుగా తన గుమ్మంలో గోడకానుకుని నిలబడ్డాడు. గేజో దుమ్ములోనే కూర్చుని తలకొట్టుకుంటోంది.

"నా చేతులు విరగ. ఉత్త పచ్చి పెట్టాను. పొట్టు కలిపితే బతికేది. రెండు మోపులూ దీనికే పెట్టకుండా బచన్ కౌర్‌కి ఒకటిచ్చాను, అదొక్కటే మంచి పని."

రుల్దూ తల ఎత్తాడు. "ఎవరికిచ్చావు?"

"బచన్ తాయీకి."

వాడు సందు చివరిదాకా ఎట్లా పరిగెత్తాడో నేను చెప్పలేను. వెనకాల నేను, నా వెనక మిగతావాళ్ళు. బచన్ కౌర్ వాకిట్లో ఆవు ముందు గంప ఖాళీగా ఉంది.

"తాయీ, ఆ గడ్డి పెట్టావా?"

"ఇందాకే నాయనా, ఒక్క పరక మిగల్చలేదు," అంది ముసలావిడ సంతోషంగా.

రుల్దూ వెనక్కి తిరిగి, సందంతా వినబడేలా కేక పెట్టాడు. అన్నేళ్ళలో వాడి గొంతు అంత పెద్దదని మాకు తెలియదు.

"డాక్టర్ సాబ్, రండి. ఆ గడ్డికి యూరియా పడింది. నేనే వేశాను. సర్దార్జీ బస్తాల్లోంచి తీసి, ఈ చేత్తో, సీజను మొత్తం వేశాను. ఈ ఆవు కూడా పోతుంది, తొందరగా రండి."

నఛత్తర్ సింగ్ అక్కడే ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాం. "అంటే ఆ మూల చూసేనా నేను…" అని మాట సగంలో ఆపేసి, అక్కడున్న మంచం మీద కూలబడ్డాడు.

కపిల్ ఇంకేమీ అడగలేదు. సంచి తెరిచి నీలం మందు తీశాడు. ఎండ లేని రోజుల్లో యూరియా తాగిన గడ్డి విషమవుతుందట, దానికి విరుగుడు అదేనట. ఆవుకు అప్పటికే రొప్పు మొదలైంది. మెడ నరం వెతికి, ఆ నీలాన్ని మెల్లగా, చాలా మెల్లగా ఎక్కించాడు. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. రొప్పు కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. రంగు మారిన నాలుక మళ్ళీ ఎర్రబడి, ఆవు తల విదిలించి ముసలావిడ కొంగు నాకింది. చుట్టూ ఉన్నవాళ్ళు వాహెగురూ అని దేవుణ్ణి తలచుకున్నారు. "మంచి టైముకి చెప్పావు," అని ఎవరో రుల్దూ భుజం తట్టారు కూడా.

అప్పటికి గేజో వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. బట్టలకు బూరీ నురగ అంటుకుని ఉంది.

"డాక్టర్ సాబ్, ఈ మందు మధ్యాహ్నం కూడా మీ సంచిలో ఉందా?" అని అడిగింది.

కపిల్ సూది తుడిచి సంచిలో పెట్టాడు. "ఉందమ్మా. అందుకే అడిగాను," అన్నాడు.

గేజో ఏడవలేదు. మొగుడి దగ్గరికి నడిచి, ఎదురుగా నిలబడింది.

"బచన్ తాయీ ఆవు కోసం లేచిన నీ నోరు, నా బూరీ కోసం లేవలేదా?" అంది.