గుడ్డ తొడుగులో తెగిన తీగె

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం మా మనవరాలు ఫోనులో బొమ్మ సర్క్యూటు గీసుకుంటూ, సమాంతరంగా కలిపిన రెండు నిరోధాల్లో ఒకదాని తీగెను వేలితో తెంపి, "సూడు తాతా, ఇప్పుడు ఒక్కటే ఉన్నట్టు సూపిస్తంది" అన్నది మొదలు నాకు కుదురు లేదు. ఒకరిని కలవడానికి రావికమతం వెళ్దామని మూడుసార్లు నర్సీపట్నం బస్టాండుకు పోయి, బస్సెక్కి కూడా, కదలబోయే ముందు దిగి వచ్చేశాను.

మీలో ఆ రోజుల్లో ఇంటర్ సైన్సు చదివినవారికి మీటరు బ్రిడ్జి గుర్తుండే ఉంటుంది. చెక్క మీద బిగించిన పొడుగాటి తీగె వెంట జాకీ అనే లోహపు మొనను జరుపుతూ, గాల్వనోమీటరు ముల్లు సున్నా దగ్గర ఆగిన చోటును బట్టి తెలియని నిరోధాన్ని లెక్కకట్టేవాళ్ళం. నా జతగాడు రావికమతం చెరకు రైతుల అబ్బాయి. మాకిచ్చినవి నాలుగేసి ఓముల తీగచుట్టలు రెండు, శ్రేణిలో కలిపితే ఎనిమిది, సమాంతరంగా కలిపితే రెండు రావాలి. ఎనిమిది సరిగ్గానే వచ్చింది. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు తొందరలో ఒక చుట్ట కొసను మెలిపెట్టాను, గుడ్డ తొడుగు లోపల తీగె పుటుక్కుమనడం నా వేళ్ళకు తెలిసింది. పైకి ఏమీ కనబడలేదు. మాస్టారి తిట్లకు జడిసి నేనూ ఏమీ చెప్పలేదు.

వాడు ఎన్నిసార్లు కొలిచినా నాలుగే.

"ఏటిరా ఇది, రెండోది లేనట్టే ఉంది."

"బేగి రెండని రాసీ. అందరూ రాసేది అదే" అన్నాను.

నేను రెండు రాసుకున్నాను, వాడు నాలుగే రాశాడు. మాస్టారు నా రికార్డు మీద సంతకం పెట్టి, వాడిది బల్ల మీదికి విసిరి, "మీ ఊళ్ళో రెండు కలిపితే ఒకటేట్రా" అంటే అందరితో పాటు నేనూ నవ్వాను. సంతకం లేనిదే పరీక్షకు రానివ్వరు కదా, వాడు బ్లేడుతో నాలుగును గీకి రెండు వేసి సంతకం తెచ్చుకున్నాడు. "సూసింది రాస్తే తప్పయిపోనాది" అన్నాడు, నా ముఖం చూడకుండా. మర్నాటి నుంచి వేరే బల్లకు మారిపోయాడు.

నువ్వు కొలిచిందే నిజమని ఇన్నేళ్ళకు వెళ్ళి చెబితే వాడు నవ్వుతాడో, అసలు గుర్తే లేదంటాడో. ఇప్పటి పిల్లలకు తీగె ఎక్కడ తెగిందో ఫోనే ఎర్రగా చూపిస్తుంది, ఎవరూ నోరు విప్పనక్కరలేదు. ఆ రోజు మా బల్ల దగ్గర ఒక్క నోరు విప్పితే సరిపోయేది, అది నాది.