ఏడుపుల కనుమలో వినబడిన గొంతు

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. హిందూపురంలో తెలుగు పండితుడిగా ఉన్న కాలంలో, తరగతిలో దయ్యం కథ మొదలుపెట్టిన వాణ్ణి బెంచీ ఎక్కించినవాణ్ణి. అటువంటి సంగతినే ఇప్పుడు నా చేత్తో రాయవలసి వచ్చినందుకు సిగ్గుపడుతున్నాను.

పెనుకొండ స్టేషనులో దిగి మా ఊరికి పోవాలంటే ఒక కనుమ దాటాలి. దాని పేరు ఏడుపుల కనుమ. కరువులో వలసపోయిన తల్లులు అక్కడ పిల్లలను పోగొట్టుకొని ఏడ్చారని కొందరు, పెనుకొండ కోట పడిన నాడు పారిపోయి వచ్చినవాళ్లు ఏడ్చారని మరికొందరు చెప్పేవారు. నా వాదం వేరు. అది ఏడు పులుల కనుమ. జనం నోట ‘లు’ ఒకటి జారిపోయి ఏడుపుల కనుమ అయింది. పెళ్లిపందిట్లో కూడా ఈ మాట చెప్పి పెద్దవాళ్లను దిద్దాను.

అరవైల మొదట్లో, ఒక చలికాలపు ఉదయం, మా చిన్నాయన కొడుకు ఓబులేసు బడికి వచ్చి మా నాయన పోయాడని చెప్పాడు. ఇద్దరం రైలెక్కి పెనుకొండలో దిగి నడిచాము. కనుమ మొదట్లో ఓబులేసు ఆగాడు.

“అన్నా, సావింటికి పోయేటోళ్లు ఈడ ఒక ఏడుపు ఏడ్సి పోవల్ల. ఊరికే పోతే మన ఏడుపును కనుమే పెట్టుకుంటాదంట.”

“ఏడుపు కాదురా, ఏడు పులులు” అన్నాను. నాయన శవం ఇంట్లో ఉండగా నేనన్న మాట అది.

“ఏడు పులులు తిరిగిన తావున ఒక్కదాని గోరన్నా దొరకలేదేం అన్నా?” అని, వాడు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని “పెద్దనాయనా” అని గొల్లుమన్నాడు. నేను గొడుగు పట్టుకొని, వాడు ముగించేదాకా అవతల నిలబడ్డాను.

ఇంట్లో నాయన తల దగ్గర కూర్చున్నాను. దుఃఖం లేక కాదు. కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

“సదివి సదివి సారుకు కండ్లల్లో నీళ్లు గూడా ఇంకిపోయినట్లుండాయి” అని ఒకామె మెల్లగానే అన్నది. అందరూ విన్నారు. తలవంచుకున్నాను. కొడుకు ఏడవని చావు మా ఊరు ఎరగదు. ఆ అవమానం మా నాయనకే వచ్చింది.

పొద్దు వాలుతుండగా ధర్మవరం నుంచి అక్క, బావ వచ్చారు. వాళ్లు వచ్చిందీ ఆ కనుమ దారినే. అక్క గడపలోనే నిలబడిపోయి నా వంక చూసింది.

“నువ్వు ఈడుండావా? మరి కనుమలో ఏడుస్తాండేది ఎవురప్పా?”

బండల వెనక ఎవరో ఏడుస్తుంటే నా గొంతని గుర్తుపట్టి, “తమ్ముడూ, లేప్పా, పోదాం రా” అని పిలిచిందట. బదులు లేదు, ఏడుపూ ఆగలేదు. బావ బండ ఎక్కి చూస్తే మనిషి లేడు. సిగ్గుపడి దాక్కున్నానేమో అనుకొని వచ్చేశారు.

“వచ్చినప్పట్నుంచి ఈడే కూసున్యాడమ్మా. కదల్లేదు, ఏడ్సనూ లేదు” అని ఇందాకటి ఆమే సాక్ష్యం చెప్పింది.

“గొంతు వీనిదేనమ్మా” అన్నది అక్క. “నా... నా... నాయనా అని చిన్నప్పటి మాదిరే నత్తి పడతాండె.”

చిన్నతనంలో నాకు నత్తి ఉండేది. నాయన నన్ను పొలానికి వెంటబెట్టుకొని పోయి, నాలుక తిరిగేదాకా పద్యాలు చెప్పించి మాన్పించాడు. ఆ తర్వాత ఆ సంగతి ఇల్లు దాటలేదు. ఓబులేసు అప్పటికి పుట్టనే లేదు. బావకు అసలు తెలియదు. ఆయన కూడా మాట తడబడుతూ వినబడిందనే చెప్పాడు.

కర్మలన్నీ ముగిశాక, తిరుగుదారిలో కనుమలో ఒంటరిగా ఆగాను. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి “నాయనా” అని పిలిచాను. మాట ఎక్కడా తడబడకుండా స్పష్టంగా పలికింది. కన్నీరు రాలేదు. మళ్లీ పిలిచాను. బండల వెనక నుంచి ఏ గొంతూ రాలేదు.

తర్వాత అమ్మ పోయింది, అక్క పోయింది. ఏ చావుకూ నా కళ్లు తడవలేదు. కంటి డాక్టరు లోపమేమీ లేదన్నాడు. ఉల్లిగడ్డ తరిగితే నీళ్లు బాగానే వస్తాయి.

ఆనాడు గొర్రెల కాపరి ఎవడో ఏడ్చి ఉంటాడనీ, కొండల్లో ధ్వని మారి ఉంటుందనీ నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కాపరికి నా నత్తి ఎట్లా వచ్చిందో చెప్పుకోలేకపోయాను.

మా నాయన కోసం ఒక కొడుకు ఏడ్చాడు. అక్క విన్నది. ఆ కొడుకు నేనే అని చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ ముఖం చెల్లదు.