కంగ్టాయన రెండో కన్ను

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదని బోరంచ నల్లపోచమ్మ దిక్కు తిరిగి, చెప్పులు విడిచి, ప్రమాణం చేస్తున్నాను. నారాయణఖేడ్‌లో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదవగానే పుస్తకం మూసేస్తారని తెలుసు. మూయకండి. నోటి దురద వల్ల ఒక మనిషి తన రెండు కనురెప్పల వెంట్రుకలూ పోగొట్టుకున్న ఘోరం మీకు మరోచోట దొరకదు.

ఎనభైల నాటి మాట. నాకు పాతికేళ్లు. బయటివాళ్లు మా నలుగురినీ స్నేహితులనుకునేవారు. నిజానికి మాది ఒక మోసగాళ్ల కంపెనీ. ఎవరి పని వాళ్లకుండేది.

ఖాజా మా మెదడు. సైకిల్ షాపు వాడిది. ట్యూబును నీళ్లలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూసినట్టు, ఏ మనిషి ఎక్కడ మెత్తబడతాడో చూసి పెట్టుకునేవాడు. సంగప్ప మా ముఖం. దేవుడు ఏ పూజారి కోసమో చేసిన ముఖాన్ని తొందరలో వీడికి తగిలించాడు. వాడు పగలును రాత్రి అన్నా జనం దీపాలు వెతుక్కునేవారు. నర్సింలు కాపలా. ప్రమాదం వస్తే ఈల వేయాలి. ఈల రాదు కనుక దగ్గేవాడు. వాడికి జలుబు చేసినన్నాళ్లు మేము ఊరికే పరుగెత్తేవాళ్లం.

ఇక నేను సాక్షిని. సంగప్ప ఏదైనా చెప్పగానే, ఎవరో దారిన పోయేవాడిలా వచ్చి, "అవును, నేను గూడ చూసిన" అనాలి. అంతే నా పని. కానీ అంతటితో ఆగడం నాకు పుట్టుకతోనే రాదు.

మా ఘనకార్యాలన్నీ పెళ్లి భోజనాలే. సిర్గాపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లి సంగప్ప పెళ్లికొడుకు చిన్నాన్నగా నిలబడ్డాడు. నేను జనంలోంచి వచ్చి, "బాగున్నవా మామా" అని పలకరించాలి. పలకరించి ఊరుకున్నానా? "పోయినేడు పాము కరిస్తే సచ్చినవన్నరు గద మామా" అని కూడా అన్నాను. ఆ రోజు మేము తినకుండానే చాలా దూరం నడిచాం.

ఇలాంటి కంపెనీ ఒక మంచి పనికి పూనుకుంది. మా పతనం అక్కడ మొదలైంది.

నర్సింలు తల్లి ఎల్లవ్వ. మాకందరికీ పెద్దవ్వ. దుకాణాలవాళ్లకు కందిపప్పులో రాళ్లు ఏరి ఇవ్వడం ఆమె పని. ఆమె చేట దాటి వచ్చిన పప్పులో రాయి కనబడడమంటే ఊళ్లో అదొక వార్త. అలాంటిది, ఆమె కళ్లలో తెల్లటి పొర కమ్మింది. మోతిబిందు. ఎదురుగా ఉన్నది మనిషో మంచమో తెలిసేది, అంతకుమించి కాదు. దుకాణాలవాళ్లు ఒక్కొక్కరే పప్పు పంపడం మానేశారు. అయినా పెద్దవ్వ ఇంట్లో పప్పునే చేటలో పోసుకుని వేళ్లతో తడుముతూ కూర్చునేది.

ఆ ఇంట్లో తింటే మా పళ్ల కింద రాళ్లు పడేవి. ఎవరమూ ఉమ్మేవాళ్లం కాదు. సంగప్ప ఒకసారి రాయిని నమిలి మింగి, "పప్పు మస్తుగుంది పెద్దవ్వా" అన్నాడు. అందుకే వాడు మా ముఖం.

ఆ ఏడు పట్నం డాక్టర్లు వచ్చి బడిలో కళ్ల ఆపరేషన్ల శిబిరం పెట్టారు. ఇంకా ఆలస్యమైతే ఆ మిగిలిన మసక చూపు కూడా పోతుందని దవాఖానలో ముందే చెప్పి ఉన్నారు. పెద్దవ్వ మాత్రం కదలనంది.

"కనుగుడ్డు బయటికి తీసి గిన్నెల కడుగుతరంట. మళ్ల పెట్టేటప్పుడు ఎవలది ఎవలకు పెడ్తరో. నేను రాను."

"గీ ముచ్చట ఎవలు చెప్పిండ్రే అవ్వా?" అని నర్సింలు అడిగాడు.

"మల్లేశం చెప్పిండు."

మల్లేశం అంటే నేనే. అంతకుముందెప్పుడో, పొద్దుపోక, సిర్గాపూర్‌లో ఒకాయనకు పొరపాటున దర్జీ కన్ను పెట్టారనీ, అప్పటినుంచి ఎవరిని చూసినా ఆయనకు కొలతలే కనబడుతున్నాయనీ ఆమెకు చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వి మరిచిపోయిందనుకున్నాను.

ఖాజా నా వైపు తిరిగి, "పంక్చర్ నువ్వు చేసినవ్. ప్యాచ్ నువ్వే వెయ్యాలె" అన్నాడు.

పథకం ఇది. ఊరికే మందు చుక్కలు వేసి పంపుతారని సంగప్ప ఆమెకు చెబుతాడు. నర్సింలు తీసుకొస్తాడు. నేను కంగ్టి నుంచి వచ్చిన ఎవరో పెద్దమనిషినై, వరండాలో ఆమె పక్కన కూర్చుని, "నాకు పోయినేడు చేసిండ్రు, చీమ కుట్టినంత గూడ నొయ్యలే" అని లేచిపోవాలి. ఒక్క మాట. ఖాజా నాతో పదిసార్లు వల్లె వేయించాడు.

తలకు తువ్వాల చుట్టి, నల్లద్దాలు పెట్టి, గొంతు బొంగురు చేసి వెళ్లి కూర్చున్నాను. పెద్దవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని, తప్పిపోయిన పిల్లలా కూర్చుని ఉంది.

"ఏ ఊరు నాయినా?" అంది.

"కంగ్టి అవ్వా. పోయినేడు కన్ను చేసిండ్రు. చీమ కుట్టినంత గూడ నొయ్యలే."

పని అయిపోయింది. లేవాలి.

"అయితే మళ్లెందుకొచ్చినవ్?" అంది పెద్దవ్వ.

ఈ ప్రశ్నకు ఖాజా నాకు జవాబు నేర్పలేదు. పాఠకులారా, తెలియనప్పుడు నోరు మూసుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. నేను వాళ్లలో లేను.

"హౌదవ్వా, ఒక కన్ను మంచిగైంది గద. గిప్పుడు రెండోది చేయించుకుందమని."

దూరంగా నర్సింలు దగ్గాడు. పెద్దవ్వ నా మణికట్టు పట్టుకుంది. "దేవుని లెక్క దొరికినవ్ బిడ్డా. నువ్వు నా పక్కన్నే ఉండు. ఇద్దరం గలిసి వోదం."

రాళ్లు ఏరిన వేళ్లవి. విడిపించుకోవడం నా వల్ల కాలేదు. వరుస కదిలింది. మేమూ కదిలాం. ముందున్న బల్ల దగ్గర కంపౌండరు ఒక్క మాట అడగకుండా నన్ను కుర్చీలో కూలేసి, నల్లద్దాలు లాగేసి, చిన్న కత్తెరతో రెండు రెప్పల వెంట్రుకలూ కత్తిరించి, కళ్లలో చుక్కలు వేశాడు. లోకం పాలలో పడ్డట్టయింది. ఎవరో రెక్క పట్టుకుని తలుపు దగ్గరికి నడిపించారు. లోపల పళ్లెంలో ఇనుప వస్తువులు చప్పుడు చేశాయి.

"సిస్టరమ్మా, నేను పేషెంటును కాను" అన్నాను. బొంగురు గొంతు ఎటు పోయిందో పోయింది. మేకపిల్ల గొంతు వచ్చింది.

"గీ తలుపు కాడికొచ్చినంక అందరు గదే అంటరు" అంది సిస్టర్.

"నాకు మోతిబిందు లేదమ్మా, ఒట్టు."

"అది గూడ అంటరు. నడువు."

నేను తలుపు చెక్కను రెండు చేతులా వాటేసుకున్నాను. అప్పుడు వెనకనుంచి పెద్దవ్వ మాట వినబడింది. 

"ఇడిసిపెట్టుండ్రి సిస్టరమ్మా. పోరడు బుగులువడ్డడు. ముందుగాల నన్ను తీస్కపోండ్రి. ఏ కంగ్టాయనా, గీడ కూసో. నాకేం గాలేదంటె నువ్వు రా."

ధైర్యం చెప్పడానికి వెళ్లినవాడిని నేను. ధైర్యం చెప్పి లోపలికి వెళ్లిపోయిందామె.

ఆ తరువాత డాక్టరు నా కళ్లలో టార్చి వేసి చూశాడు. "వీడి కన్నుకేమైంది?" అన్నాడు. "నా కన్నుకేం గాలే సార్, నోటికైంది" అన్నాను. బయటికి తోలేశారు.

అక్కడితో అయిపోతే ఇది ఘోరమెందుకవుతుంది? ఆ రోజుల్లో ఆపరేషన్ అయ్యాక రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదపకుండా పడుకోబెట్టేవారు. పెద్దవ్వ తరగతి గదిలో చాప మీద పడుకుని, అటూ ఇటూ తల తిప్పుతూ, "కంగ్టాయనది అయిందా, భయపడి ఉరికిండా?" అని అడుగుతూనే ఉంది. తల కదిలితే కుట్లు కదులుతాయి. సిస్టర్ బయటికి వచ్చి నా చెవి పట్టుకుని తెచ్చి, పక్క చాప మీద పడుకోబెట్టి, నాకూ కట్టు కట్టింది. "ఆమె కట్టు ఇప్పేదాక నీ కట్టు ఇప్పితే సూడు" అంది.

అలా నాలుగు రోజులు. ఖాజా వచ్చి నాకు అన్నం తినిపించేవాడు. గోనెసంచిలో జొన్నలు కుక్కినట్టు కుక్కుతూ, "ఖావో కంగ్టాయనా, రెండో కన్నుకు తాకత్ రావాలె" అనేవాడు.

పెద్దవ్వకు పొద్దుపోవాలి కదా. నా సంసారం గురించి అడిగింది. నేను భార్యను, ముగ్గురు పిల్లలను, కుంటి ఎద్దును అక్కడికక్కడే పుట్టించాను.

"నీ పెండ్లాం సూడనీకి రాలేదేంది?"

"అలిగి తల్లిగారింటికి వోయిందవ్వా."

"ఏమన్నవ్?"

"ఏమనలే."

"ఏమనకుంటనే అలుగుతరు బిడ్డా. పోయి ఊకనే వాకిట్ల కూసో. ఏం మాట్లాడకు. నీళ్లిస్తది. తాగు. మల్ల ఇస్తది. మల్ల తాగు. గంతే."

అప్పటికి నాకు పెళ్లే కాలేదు. అయ్యాక ఈ ఉపాయం రెండుసార్లు పనికొచ్చింది. మూడోసారి నీళ్లివ్వలేదు.

కట్టు విప్పే రోజు వచ్చింది. మా కంపెనీలో మిగతా ముగ్గురూ వచ్చారు. ఆమె చూసేలోపు జారుకోవాలని, నా కట్టు కిందికి లాక్కుంటూ లేచాను. నాలుగు రోజుల చీకటి తరువాత వెలుతురు పడి, ఎటు పోతున్నానో తెలియక, నేరుగా వెళ్లి ఆమె చాప ముందు బోర్లా పడ్డాను. తలెత్తేసరికి పెద్దవ్వ సీసా అడుగంత మందం కళ్లద్దాలు పెట్టుకుని నన్నే చూస్తోంది. నర్సింలు దగ్గడం కూడా మరిచిపోయాడు.

చెయ్యి చాపి నా గడ్డం పైకెత్తింది.

"ఏరా మల్లేశా, నీ రెప్పల ఎంట్రుకలు ఎటు వోయినయిరా?"

"గంత సన్నయి గూడ కనవడ్తున్నయా పెద్దవ్వా?" అన్నాడు ఖాజా.

"ఉన్నయే గాదు కొడుకా. లేనియి గూడ కనవడ్తున్నయి."

నర్సింలు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దవ్వ పక్క చాప వైపు చూసి, "కంగ్టాయన ఏడి?" అంది.

"పొద్దుగాల బస్సుకు వోయిండు" అన్నాడు సంగప్ప, తన పూజారి ముఖంతో.

"మంచోడు పాపం. గురక మాత్రం అచ్చం మా మల్లేశం లెక్కనే."

అంతకు మించి ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి చేట ముందేసుకుంది. మా పళ్లు బతికిపోయాయి.

ఆనాడే నేను ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. నా ఒంటి మీద జరగని దేనికీ ఈ జన్మలో సాక్ష్యం చెప్పను. నాకు నేర్పిన మాటకు ఒక్క మాట కూడా కలపను. రెప్పల వెంట్రుకలు మొలిచేదాకా, అంటే సుమారు నెలన్నర, ఆ ప్రతిజ్ఞ మీద రాయిలా నిలబడ్డాను.

ప్రమాణం చేసి మొదలుపెట్టాను కనుక ఒక్కటి ఒప్పుకోవాలి. కంపౌండరు ఒక్క మాట అడగకుండా కత్తెర పెట్టాడని రాశాను. అది కల్పించింది. అతను అడిగాడు. రెండుసార్లు అడిగాడు. "నువ్వు పేషెంటువా, తోడొచ్చినోనివా?" అని. తోడొచ్చానంటే చాలు, వదిలేసేవాడు. అప్పుడు నా మణికట్టు పెద్దవ్వ చేతిలో ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది.

పేషెంటునే అన్నాను.