గడ్డి పీకేసిన గట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా బోటనీ చెబుతున్నాను. గుబురు వేళ్లు మట్టిని ఎలా పట్టి ఉంచుతాయో ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద బొమ్మ వేసి మరీ వివరిస్తాను. అలాంటిదాన్ని, మా అపార్ట్‌మెంట్ వెనక మూసీ ఒడ్డున గడ్డి మొత్తం పీకించాలన్న మా అసోసియేషన్ కాగితం మీద సంతకం పెట్టాను. దోమలు తగ్గుతాయన్నారు, వాకింగ్ ట్రాక్ వస్తుందన్నారు. చదవకుండా పెట్టలేదు, చదివే పెట్టాను.

ఆ ఒడ్డున ఒకావిడ పశువుల మేతకు గడ్డి పెంచి కోసుకునేది. సైదాబాద్‌లో కిరాయికి ఉండేది. తెల్లవారేసరికి కొడవలితో దిగి, ఎండ ముదిరేలోపు మోపులు కట్టి, ఎల్బీ నగర్ అవతలి బర్రెల కొట్టాలకు ఆటోలో పంపేది. ఆదివారాలు మాత్రం చర్చికి వెళ్లేది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. నీళ్ల అంచున రెండు మూరల మేర గడ్డిని ఎప్పుడూ ముట్టేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"గది మూసికి ఇడిసిపెట్టిన మేడమ్. గది కోస్తె మూసి మన దిక్కు జరుగుతది," అంది.

జేసీబీ వచ్చిన రోజు నేను క్లాసుకు బయలుదేరుతుంటే గేటు దగ్గర అక్క నన్ను ఆపింది.

"మేడమ్, కొడవలితోటి కోస్తె మల్ల మొలుస్తది. గిది వేర్లతోని పీకుతున్నది. పైన జిగటమన్ను గనీ కింద అంత ఇసుకే. వాన కొడితె ఎట్ల ఆగుతది? జర మీరన్న చెప్పున్రి."

"ఇంజినీర్ని అడిగే చేస్తున్నారక్కా," అన్నాను.

ఏ ఇంజినీర్నీ ఎవరూ అడగలేదు. క్లాసుకు టైమైపోతోందని నోటికొచ్చిన అబద్ధం చెప్పి మెట్రో ఎక్కాను.

ఆ వానాకాలంలో మూసీ మూడు రోజులు గట్టును ఒరుసుకుంటూ పారింది. మూడో రోజు మధ్యాహ్నం, గడ్డి పీకిన చోట కొత్తగా వేసిన ట్రాకూ, బెంచీలూ, మా వెనక ప్రహరీ గోడలో సగమూ ఏట్లోకి పోయాయి. నీళ్లు తీశాక దిగి చూశాను. గట్టు కత్తితో కోసినట్టు నిలువునా తెగి ఉంది. అడుగున ఉన్న ఇసుకను ఏరు తోడుకుపోతే, పైనున్న జిగటమన్ను ఆధారం లేక పెళ్లలు పెళ్లలుగా కూలింది. జేసీబీ వెళ్లని చోట మాత్రం గడ్డి దువ్వినట్టు ఒకే వైపుకు పడుకుని ఉంది. దాని మొదళ్లలో కొత్త ఒండ్రు కూడా చేరింది. అక్కడ గట్టు చెక్కుచెదరలేదు.

ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. మా ప్రెసిడెంట్ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఆఫీసరు.

"దీనికంతటికీ ఆవిడే కారణమండీ. ఏళ్ల తరబడి కోసి కోసి నేలంతా గుల్ల చేసేసింది. పోలీసు కంప్లైంట్ ఇద్దాం," అన్నాడు.

అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె అక్కడ లేదు, జవాబు చెప్పుకునే వీల్లేదు. అందుకే అంత ధీమా.

"కోసింది ఆవిడ. పీకింది మనం. రండి, చూపిస్తాను," అని అందర్నీ గట్టు మీదికి తీసుకెళ్లాను.

మిగిలి ఉన్న గడ్డిలో ఒక దుబ్బు చూపించి ప్రెసిడెంట్‌ను పీకమన్నాను. ఆయన రెండు చేతులా లాగాడు. ఆకులు తెగి చేతికొచ్చాయి గానీ వేరు కదల్లేదు. నేను గడ్డపారతో ఒక పెళ్ల పెకలించి విదిలించాను. మూరెడు లోతు దాకా వేళ్లు అల్లుకుపోయి ఉన్నాయి, మన్ను రాలలేదు. తెగిన వైపు నుంచి ఒక గుప్పెడు మన్ను తీసి పట్టుకుంటే అంతా నా చేతివేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"మీరూ సంతకం పెట్టారు కదా మేడం?" అన్నాడాయన చేతులు దులుపుకుంటూ.

"పెట్టాను. తప్పు చేశాను. మీరూ ఆ మాట అనండి."

ఎవరూ అనలేదు. కంప్లైంట్ మాత్రం మానుకున్నారు.

తర్వాత చేసిన పని ఇంకా ఘోరం. కూల్చిన ఇళ్ల రాళ్లూ మట్టీ తెచ్చి గుంత పూడ్చి, దాని మీద కొనుక్కొచ్చిన లాన్ పరిచారు. ఒక మూల పట్టుకుని ఎత్తితే చాపలా లేచొచ్చింది. వేళ్లు నా చిటికెన వేలంత కూడా లేవు. చెబితే, "అందంగా ఉంది కదండీ," అన్నారు. తర్వాతి ముసురుకే ఆ అందం కొట్టుకుపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు ఆమె. వెళ్లి పిలుచుకురమ్మని నన్నే పంపారు. నాగోలు వైపు ఒడ్డున గడ్డి కోస్తూ కనిపించింది. ముందు ఆ రోజు చెప్పిన అబద్ధానికి క్షమాపణ అడిగాను. కొడవలి పక్కన పెట్టి విన్నది. మళ్లీ వచ్చి నాటమన్నాను.

"కణుపు ముక్కలు గుచ్చితె రెండు నెలలల్ల పట్టుకుంటది మేడమ్. గదేం పెద్ద పని కాదు. మల్ల ఎన్నడు పీకం అని రాసిస్తరా?"

అడగాల్సిన మాటే అడిగింది. ఆ మాటే వచ్చి ప్రెసిడెంట్‌కు చెప్పాను.

"గడ్డి కోసుకునే ఆవిడకి మనం రాసివ్వడమేంటండీ?" అని నవ్వాడు.

ఆమె రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ వచ్చేదాన్ని కాదు. గోడ పోయిన చోట ఇప్పుడు రేకులు అడ్డం పెట్టారు. మొన్నటి వానకు వాటి కింద మన్ను మళ్లీ జారింది.