జాజు గీత, బెల్లం ముక్క

చెప్పులు అక్కడ విడిచి, ఈ చాప మీదికి జరగండమ్మా. ఇంకొంచెం ఇటు, నా పక్కకు. నా గొంతు పెద్దది కాదు, దూరం కూర్చుంటే సగం మాట గాలికే పోతుంది. ఇది మా బాపు, అంటే మా నాన్న సంగతి. ఎప్పటినుంచో చెప్పాలనుకుంటూ దాటవేస్తూ వచ్చాను.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో మేము నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారి పక్కన, ఒక గుట్ట కింద పాక వేసుకుని ఉండేవాళ్లం. బాపు రాయి చెక్కేవాడు. ఇసుర్రాళ్లు, రోళ్లు, గడప రాళ్లు. చలికాలం వచ్చిందంటే మా ముందునుంచే చెరుకు బండ్లు వరసగట్టి ఫ్యాక్టరీకి పోయేవి. చుట్టుపక్కల ఊళ్లలో బెల్లం వండేవాళ్లు. బాపు రోలు ఇస్తే బెల్లం ముద్దలు ఇచ్చి పోయేవాళ్లు. అందుకని మా ఇంట్లో కూర లేని పూట ఉండేది గాని బెల్లం లేని పూట ఉండేది కాదు.

అయితే అది మా పిల్లల కోసం కాదు. రాయి పనివాళ్లందరికీ ఒకటే నమ్మకం: పని దిగగానే బెల్లం నమిలితే దుమ్మంతా కడుపులోకి దిగిపోతుందని. సాయంత్రం బాపు ఉలి కింద పెట్టగానే మా అవ్వ, అంటే మా అమ్మ, ముక్క అందించేది. ఆయన నమిలి, నీళ్లు తాగి, కాండ్రించి ఉమ్మేవాడు. తెల్లగా పడేది. "సూసినవా? అంత బయటికొచ్చింది" అనేవాడు. అవ్వ ముఖం వెలిగిపోయేది. కళ్లతో చూసినదాన్ని ఎవరు కాదంటారు?

మా పాకకు అవతల, చింతచెట్టు నీడలో బోధన్ నుంచి వచ్చిన ఒక ముసలి సాయబు పని చేసేవాడు. ఆయనవి గోరీల మీద నిలబెట్టే రాళ్లు. ముక్కుకు, నోటికి తడి గుడ్డ కట్టేవాడు. పక్కన కుండ పెట్టుకుని, రాయి మీద నీళ్లు పోసుకుంటూ చెక్కేవాడు. గాలి ఎటు తిరిగితే తానూ అటు తిరిగి, దుమ్ము తన మీదికి రాకుండా కూర్చునేవాడు. బాపుకు ఆయనను చూస్తే నవ్వు.

"ఏం చాచా, మూతికి ముసుగేసినవ్? మల్ల పెండ్లి జేసుకుంటున్నవా?"

"పెండ్లి కాదు భాయ్. నేను జెక్కేటియి గోరి రాళ్లు. నాది నేనే ఇప్పుడే జెక్కుకునుడు ఎందుకని."

గుట్ట మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా బాపే నవ్వాడు. సాయబు నవ్వలేదు.

"నువ్వు గూడ నీళ్లు పొయ్యి భాయ్. గా దుమ్ము మంచిది గాదు."

"నీళ్లు వోస్తే నా జాజు గీత కడుక్కపోతది. గీత లేకుంట ఏం జెక్కాలె? నీ తలకాయ జెక్కాలెనా?"

బాపు బాధ అదే. ఎర్ర జాజు మట్టితో గుండ్రంగా గీత గీసి, దాని వెంట చెక్కితేనే ఇసుర్రాయి సరిగా తిరుగుతుంది. నీళ్లు పడితే గీత పోతుంది. మరి సాయబు గీత ఎందుకు పోదు? ఆ మాట బాపు అడగలేదు. సాయబు చెప్పలేదు. ఒకరు నవ్వుతూ, ఒకరు ముసుగు బిగించుకుంటూ ఏండ్లు గడిపారు.

వానాకాలం వచ్చిందంటే ఇంకా చెడ్డ. రాయి తడవకూడదని బాపు పాక చుట్టూ తడికలు కట్టి లోపలే చెక్కేవాడు. అన్నం తీసుకుని పోతే ముందు దగ్గు వినబడేది, తరువాత మనిషి కనబడేవాడు. కనుబొమ్మలు, మీసాలు అన్నీ తెల్లగా. "మా బాపు ముసలోడైండు" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన తల విదిలించి ఆ దుమ్మంతా నా మీద పోసేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

నా పెండ్లి అయి, నా పెద్ద కూతురిని ఎత్తుకుని పుట్టింటికి వచ్చేనాటికి బాపు గుట్ట ఎక్కలేకపోతున్నాడు. నాలుగడుగులు వేసి, రాయిని పరీక్షిస్తున్నట్టు నిలబడేవాడు. నిలబడింది ఊపిరి కోసమని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకూ తెలుసు. అవ్వ బెల్లం ముక్క పెద్దది చేసింది. క్షయ అని ఒక డాక్టరు మందులిచ్చాడు, తగ్గలేదు. చివరకు నిజామాబాద్ పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, మొదట అడిగింది ఏం పని చేస్తావనే.

"రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది" అన్నాడు.

అవ్వ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "ఇంకెంత బెల్లం వెడితే దిగుతది సారూ? మా ఇంట్ల మస్తుగున్నది."

ఆయన కోప్పడలేదు. "బెల్లం పోయే తోవ వేరమ్మా, దుమ్ము పోయిన తోవ వేరు. లోపలికి పోయింది ఇక రాదు. ఇంకా పోకుండా చూసుకోవాలి" అన్నాడు.

బస్సు దిగి బాపు ఇంటికి రాలేదు. నేరుగా చింతచెట్టు కిందికి పోయాడు. నేనూ వెంట పోయాను.

"చాచా, నీ గీత ఎందుకు పోదే?"

సాయబు ముసుగు కిందికి లాగాడు. ఒక ఇనుప మొల తీసి రాయి మీద గీశాడు. కుండెడు నీళ్లు కుమ్మరించాడు. గీత అట్లాగే ఉంది. అంతే. గోడకు కొట్టే ఏ మొలైనా చాలు. బాపు ఆ గీతను వేలితో తడిమాడు.

"నేను నవ్వుకుంట వోతి. నువ్వన్నా నా అంగి గల్లవట్టి జెప్పకపోతివి."

"నువ్వు నవ్వినవని నాకు కోపమొచ్చింది భాయ్" అన్నాడు సాయబు. ఆయన కండ్లు తడిశాయి.

తరువాత బాపు ఉలి పట్టలేదు. తడికలన్నీ విప్పించాడు. మా కాక, అంటే బాపు తమ్ముడు, చెక్కుతుంటే దుమ్ము మీద పడకుండా గాలికి వీపు పెట్టి కూర్చుని చెంబుతో రాయి మీద నీళ్లు పోసేవాడు.

"ఓ అన్నా, బురద బురద జేస్తున్నవ్. ఉలి జారుతున్నది."

"జారితే గోరు వోతది, మల్ల వస్తది. పొయ్యనీ."

మాట ముగించేసరికి ఆయాసం వచ్చేది. కాక మూతికి గుడ్డ బిగించుకునేవాడు. ఆ కాక బాగా ముసలివాడై, మనవలను ఎత్తుకున్నాడు. బాపు కాలేదు. ఆయన మీసాలు నిజంగా తెల్లబడటం నేను చూడలేదు.

ఆయన పోయాక కూడా అవ్వ సాయంత్రమైతే బెల్లం పట్టుకుని పాక దగ్గరికి పోయేది. కాకకు, పనివాళ్లకు పంచుతూ, "తియ్యగుంటదని తినుండ్రి. మందని తినకుండ్రి" అనేది. మొలతో గీశారా, నీళ్లు పోశారా అని రాయి తడిమి చూసేది.

ఇదుగో, మీరూ తలా ఒక ముక్క తీసుకోండి. మీ ఇంటి నుంచి పనికి పోయినవాళ్లు నిండు ఊపిరితో గడప తొక్కాలి. మీ మగవాళ్ల మీసాలు వయసుకే తెల్లబడాలి. మీ ఇంట్లో మంచి చెప్పేవాళ్ల గొంతు, వినేవాళ్ల చెవి ఎప్పుడూ చల్లగా ఉండాలి.