బోడి కారు చక్రాలు

1954లో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా కర్నూలుకు వేశారు. ఆదోని తాలూకా అంతకు ముందు ఏడాదే బళ్లారి జిల్లా నుంచి విడివడి కర్నూలులో కలిసింది. కొత్తగా కలిసిన ప్రాంతపు క్యాంపులన్నీ కొత్తగా వచ్చిన నా నెత్తిన పడ్డాయి. కాగితాల మీద మా హోదా ఎంత పొడుగున్నా జనానికి మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే. లారీలు, బస్సులు రోడ్డు మీద తిరగడానికి తగినవని ఎఫ్‌సీ ఇవ్వడం, లైసెన్సు కోసం వచ్చినవాళ్ల చేత బండి నడిపించి చూడడం, ప్రమాదం జరిగితే ఆ బండిని పరీక్షించి పోలీసులకు రిపోర్టు రాయడం మా పనులు. ఈ చివరిదే నాకు ఎప్పుడూ బరువుగా ఉండేది. అందులో ఒక మనిషి కూడు ఉంటుంది.

1956 ఎండాకాలంలో ఆదోని పోలీసుల నుంచి అలాంటి కబురే వచ్చింది. కారు నాగప్ప శెట్టిది. ఆయన పత్తి వ్యాపారి, జిన్నింగ్ మిల్లు యజమాని. బెంగళూరుకు పెళ్లికి వెళ్లి, స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక దొర అమ్మకానికి పెట్టిన స్పోర్ట్స్ కారును చూసి మనసు పారేసుకున్నాడు. ఇద్దరే పట్టే కారు, కుంకుమ రంగు, గుడ్డ కప్పు. ఆ కప్పు ఎప్పుడూ మడిచే ఉండేది కాబట్టి ఊళ్లో దానికి బోడి కారు అని పేరు పడింది. శెట్టి భారీ మనిషి. డ్రైవరు పక్కన కూర్చుని, ఒళ్లో దూది శాంపిళ్ల మూట పెట్టుకుని, తలపాగా ఎగిరిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని ఎమ్మిగనూరు వెళుతుంటే జనం ఆగి చూసేవారు. నేనూ ఒకసారి ఆగి చూశాను. ఈ వయసులో కూడా ఆ దృశ్యం తలచుకుంటే నాకు నవ్వొస్తుంది.

డ్రైవరు ఈరన్నది ఆస్పరి దగ్గర పల్లె. మెట్టసేద్యం మీద, కూలీనాలీ మీద బతికే ఇల్లు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చినవాడు అతనొక్కడే. ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే దారిలో, రోడ్డు కింది నీటి మోరీ ఒకటి దాటాక వచ్చే మలుపులో, అతను నడుపుతున్న బోడి కారు ఎదురుగా వస్తున్న ఎద్దుల బండిని కొట్టింది. ఒక ఎద్దు కాలు విరిగింది. పక్కన కూర్చున్న శెట్టి చెయ్యి విరిగింది. పోలీసులు ఈరన్న మీద నిర్లక్ష్యంగా నడిపినట్టు కేసు రాసి లైసెన్సు తీసుకున్నారు. నా రిపోర్టు కూడా అదే మాట చెబితే ఆ లైసెన్సు మళ్లీ అతని చేతికి రాదు.

బండిరైతు, కారు గాలి మాదిరి వచ్చిందని చెప్పాడు. ఈరన్న మాత్రం ఒకటే మాట మీద నిలబడ్డాడు. “మీటర్లో ముల్లు ముప్పై అయిదు దాటలే సార్. నేను సూస్తానే ఉండా. ఉరుకుంద ఈరన్న సాచ్చి.” ఆ దేవుడి పేరే అతనికి పెట్టారు. ఇద్దరి ముఖాలూ చూశాను. ఇద్దరూ అబద్ధం ఆడేవాళ్లలా లేరు. అలాంటప్పుడు మనుషులను వదిలి బండి దగ్గరకు పోవడమే మా పద్ధతి.

బ్రేకులు బాగానే ఉన్నాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి చూస్తే మాత్రం ముందు చక్రం మడ్‌గార్డుకు రాసుకుని ఆగిపోయింది. మడ్‌గార్డు లోపలి వైపు రంగు పోయి రేకు మెరుస్తోంది. ఈ రాపిడి ఒక్కరోజులో వచ్చింది కాదు. టైరు చూశాను. దాని గోడ మీద 6.50-16 అని ఉంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది అది కూర్చునే రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. అది జీపులకు వేసే సైజు. వెనక స్టెపినీ ఉండవలసిన చోటు ఖాళీ. అంత పెద్ద చక్రం ఆ గుంటలో పట్టదు.

ఇక్కడొక చిక్కు ఉంది. టైరు మీది అంకె ఈరోజు బండికి ఏముందో చెబుతుంది గానీ, తయారు చేసినవాడు ఏం పెట్టాడో చెప్పదు. లారీలకైతే టైర్ల సైజు ఆర్‌సీ పుస్తకంలోనే రాసి ఉండేది. సొంత కార్లకు రాసేవారు కాదు. దొర కారుతోపాటు కంపెనీ పుస్తకం ఏదీ ఇవ్వలేదు. మద్రాసు డీలరుకు జాబు రాశాను. జవాబు వచ్చేలోపు రిపోర్టు గడువు దాటిపోయేలా ఉంది.

శెట్టిని మిల్లులో కలిశాను. కట్టు కట్టిన చేత్తోనే గద్దె మీద కూర్చుని ఉన్నాడు. చక్రాల సంగతి అడిగితే దాచలేదు సరికదా, సంబరంగా చెప్పాడు. “మొదట్లో బుడ్డ సక్రాలప్పా. రేగడి దావలో పొట్ట నేలకు తగిలేది. బండికి ఎత్తు సక్రం ఎందుకు పెడ్తాం? దిగబడకుండా. అందుకే జీపు రిమ్ములు ఏయించినా.” పాత చక్రాల నడిమి పళ్లేలను గ్యాసుతో కోసి, జీపు రిమ్ములకు వెల్డింగు చేయించాడు. వానాకాలం నల్లరేగడిలో చక్రం ఇరుసుదాకా కూరుకుపోవడం చూసి పెరిగిన మనిషికి తట్టిన ఉపాయం అది. ఎద్దుల బండికి సరిగ్గా సరిపోయే తెలివి. పాత రిమ్ములు ఏమయ్యాయంటే గుర్తు లేదన్నాడు. ఎత్తు పెరిగితే మేలే గానీ కీడు ఎక్కడిదని నన్నే ఎదురడిగాడు.

చట్టం ప్రకారం బండిలో మార్పు చేస్తే ముందుగా మాకు తెలపాలి. తెలపకపోతే తప్పు యజమానిది. ఈ మాట శెట్టికి అప్పుడే చెప్పాను. నేను బయటికి వస్తుంటే ఆయన గుమాస్తా వెంట నడిచి, చక్రాల ఊసు రిపోర్టులో లేకపోతే అందరికీ మంచిదని మెల్లగా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా వినపడనట్టే నడిచాను.

మరునాడు పొద్దున్నే శెట్టిని పక్కన కూర్చోబెట్టుకుని బోడి కారును నేనే నడిపాను. మీటరు కేబులు గేరుపెట్టె నుంచి వస్తుంది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే దానికి తెలుసు. పెద్ద చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత చిన్న చక్రం లెక్కే వేస్తుంది. రోడ్డు పక్క మైలురాయి దగ్గర మొదలుపెట్టి పది మైళ్లు నడిపి పదో రాయి దగ్గర ఆపాను. మలుపుల దగ్గర చక్రం మడ్‌గార్డుకు రాసుకున్నప్పుడల్లా శెట్టి వంగి చూశాడు. ఆగాక మీటరులో మైళ్ల లెక్క చూడమన్నాను. ఎనిమిదిన్నరే ఉంది.

శెట్టి రాయి వైపు చూశాడు, మీటరు వైపు చూశాడు. తర్వాత మెల్లగా, “మీటరు తక్కువ తూసినాదప్పా,” అన్నాడు. ముల్లు ముప్పై అయిదు చూపినప్పుడు కారు నలభై దాటి పోతోందని, ఆ వేగంలో చక్రం మడ్‌గార్డుకు తగిలితే మలుపు తిరగదని చెప్పాను. తిరుగు ప్రయాణంలో ఆయన తలపాగా పట్టుకోలేదు, విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

మిల్లు గేటు పక్కన శెట్టి ఏటా పెట్టించే చలివేంద్రం ఉంది. దాహమేసి అక్కడ ఆగాం. ఈరన్న అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లైసెన్సు పోయినా అతను రోజూ వచ్చి అక్కడే నిలబడేవాడట. నీళ్లు పోసే అవ్వ ముంత నిండా ముంచి ఇచ్చింది. తాగుతూ కుండల వైపు చూసి ఆగిపోయాను. కుండలు ఇనుప కుదుళ్ల మీద ఉన్నాయి. కుదుళ్ల లోపలి అంచు గ్యాసుతో కోసినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. ఒక కుండ దింపించి, తడిమట్టి తుడిచాను. ఇనుములో 15 అన్న అంకె పోతపోసినట్టు స్పష్టంగా ఉంది. పై అంచును కొలిస్తే అంగుళం ఎక్కువ వస్తుంది, టైరు కూర్చునే లోపలి మెట్టునే కొలవాలి. టేపు పెట్టి అక్కడ కొలిచాను. సరిగ్గా పదిహేను. శెట్టి గుర్తు లేదన్న పాత రిమ్ములు ఇవే.

“సెట్టప్పే ఇచ్చినాడు సామీ, కుండలు కదలవని,” అంది అవ్వ.

శెట్టి తను ఇచ్చిన కుదుళ్లను చాలాసేపు చూశాడు. గేటు దగ్గరకు వచ్చిన గుమాస్తా ఏదో అనబోతే చేత్తో ఆపాడు. ఆదోని బజారులో ఆయన కాటాకు వంక పెట్టినవాడు లేడని అందరూ చెప్పేవారు. ఆ రోజు అదెందుకో నాకు తెలిసింది. ఆయన డ్రైవరు వైపు తిరిగాడు.

“ఈరన్నా, నువ్వు సెప్పింది నిజమే. నా కాటాలో ఇంత తేడా ఉంటే నన్ను బజార్లో నిలబెడ్తారు. ఆ సక్రాలు ఏయించింది నేను. పోలీసోళ్లకు నేనే సెప్తా.”

ఈరన్న అవ్వ చేతిలోని ముంత తీసుకుని నీళ్లు తాగి, మొహం కడుక్కున్నాడు.

శెట్టి అన్నమాట నిలబెట్టుకున్నాడు. మార్పు చేసిన నేరం తన పేరున రాయించుకున్నాడు, రైతుకు ఎద్దును కొనిచ్చాడు. ఈరన్న లైసెన్సు తిరిగి వచ్చింది. ఆ తర్వాత మద్రాసు నుంచి వచ్చిన జాబులో అసలు సైజు 5.00-15 అని ఉంది. కొత్త చక్రాలు, టైర్లు రైల్లో దిగాయి. వాటితో మళ్లీ అదే పది మైళ్లు నడిపిస్తే మీటరు పదే చూపింది, చక్రం ఎక్కడా రాసుకోలేదు. శ్రావణంలో ఈరన్న శెట్టిని ఉరుకుంద తీసుకుపోయాడు. రేగడి దారిలో కారు పొట్ట తగిలిన చోటల్లా శెట్టి దిగి నడిచాడని విన్నాను. పాత రిమ్ములు మాత్రం చలివేంద్రంలోనే ఉండిపోయాయి. ఆదోని క్యాంపుకు వెళ్లినప్పుడల్లా అక్కడే నీళ్లు తాగేవాణ్ణి. ఆ నీళ్ల చల్లదనం మీద నాకు ఇప్పటికీ బెంగ ఉంది.

ఇద్దరు సాక్షులు ఒకరికొకరు విరుద్ధంగా చెప్పినా ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆ తర్వాత నా సర్వీసంతా, ప్రమాదం జరిగిన ఏ బండి దగ్గరకు వెళ్లినా మొదట చక్రం కొలిచేవాణ్ణి, డ్రైవరును తర్వాతే అడిగేవాణ్ణి.