నేను ఇవ్వని అనుమతి

దెయ్యాల కబుర్లు వింటే నవ్వేసే మనిషిని నేను. నా పని కూడా అలాంటిదే. బిలాస్‌పూర్‌లో ఒక బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్ డేటాబేస్ చూస్తాను. ఏ ఉద్యోగి ఏ సమాచారం చూడొచ్చో, ఏది మార్చొచ్చో అనుమతులిచ్చేది నేనే. అందులో ఎవరు ఏం చేసినా నమోదవుతుంది.

రక్తదాతల ఫోన్ నంబర్లు ఊరికే బయటికి పోకూడదని ఇద్దరికే కనబడేలా పెట్టాను. నాకు, మా డాక్టరుగారికి. ఆ మధ్యాహ్నం డాక్టరుగారు విమానంలో ఉన్నారు. నేను పెండ్రా రోడ్ అనే ఊళ్ళో పెళ్ళి చూసుకుని రైల్లో బిలాస్‌పూర్ వస్తున్నాను.

రైలు అడవిలోకి దిగేముందు మా టెక్నీషియన్ సరిత ఫోన్ చేసింది. మా ఊళ్ళోనే లింగియాడీహ్ పేటలో ఉంటుంది. తాతల నాడే రైల్వే పనికి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది.

“అక్కా, కాన్పు కేసు. ఓ నెగెటివ్ రక్తం ఒక్క ప్యాకెట్ కూడా లేదు. దాతల నంబర్లు తెరుచుకోట్లేదు. ఏటి సెయ్యమంటారు?”

“ఉండు, ఇప్పుడే ఇస్తాను” అన్నాను. ల్యాప్‌టాప్ తెరిచేలోపే సిగ్నల్ పోయింది. కాసేపటికి అడవి మధ్యలో రైలు కూడా ఆగిపోయింది.

ఊరుకోలేకపోయాను. కిందికి దిగి, ఫోన్ పైకెత్తి పట్టుకుని, ఇంజను వైపు కంకర మీద పరుగులాంటి నడక నడిచాను. గార్డు కేకలేస్తున్నా ఆగలేదు. ‘సరితకు ఇవ్వాలి, ఇప్పుడే ఇవ్వాలి’ అన్నదొక్కటే బుర్రలో. సిగ్నల్ రాలేదు. ఇంజను కూత వేస్తే చేతికందిన బోగీ ఎక్కేశాను.

చాలాసేపటికి ఫోన్ కలిసింది. “సరితా, ఇదిగో ఇస్తున్నాను” అన్నాను.

“అచ్ఛా, మళ్ళీ ఏటిస్తారక్కా? ఇందాకే ఇచ్చేసినారు కదా! ఒకాయన దొరికినాడు. సిర్గిట్టి నుంచి వచ్చి రక్తం ఇస్తన్నాడు.”

“ఎవరిచ్చారు?”

“అదేటక్కా! మీ గదిలోంచి ఇంటర్‌కమ్‌లో మాట్లాడినారు. ‘ఇచ్చాను, చూడు’ అన్నారు. అప్పుడే ఊర్నుంచి వచ్చేసినారనుకున్నాను. ఆయాసపడిపోతన్నారు కూడా.”

స్టేషన్ నుంచి నేరుగా ఆఫీసుకే వెళ్ళాను. నా గదికి తాళం వేసే ఉంది. ఒక తాళంచెవి నా పర్సులో, రెండోది డాక్టరుగారి దగ్గర. వరండా కెమెరా రికార్డింగంతా చూశాను. ఆ తలుపు ఎవరూ తియ్యలేదు.

డేటాబేస్‌లో మాత్రం నమోదై ఉంది. నా పేరుతో, నా గదిలోని కంప్యూటర్ నుంచి, మా రైలు అడవిలో నిలిచి ఉన్న సమయంలో సరితకు అనుమతి ఇచ్చినట్టు. అదీ నంబర్లు చూడడానికే, మార్చడానికి కాదు. సాయంత్రం దాకే చెల్లుతుంది. ఇంకెవరైనా అయితే తొందరలో అన్నీ తెరిచేసేవారు. నేనైతే సరిగ్గా అలాగే ఇస్తాను.

బయటివాళ్ళెవరో చొరబడ్డారనుకుని పాస్‌వర్డులన్నీ మార్చాను. వారాల తరబడి వెతికాను. ఏ ఆనవాలూ దొరకలేదు.

“రైల్లోంచి నేనే ఇచ్చానని రిపోర్టులో రాసెయ్యండి, గొడవ వదిలిపోతుంది” అన్నారు మేనేజరుగారు. రాయలేదు. “ఇది నేను ఇవ్వలేదు” అని రాసి సంతకం పెట్టాను.

తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు. ఆ వారంలోనే, అత్యవసరమైతే నంబర్లు చూసుకునే అనుమతి సరితకు శాశ్వతంగా ఇచ్చాను. దీన్ని మాత్రం నా చేత్తో నేనే ఇచ్చాను.